మాతృభాష వేరైన అధ్యక్షుడు

(పాఠశాల వార్షికోత్సవమున తల్లిదండ్రుల సభయందు చేసిన ప్రసంగ పాఠము)



అమెరికా చరిత్రనుండి యొక ప్రముఖుని జీవితమును గూర్చి చెప్పవలసినదని కార్యదర్శిగారు నన్ను కోరిరి. వాషింగ్టనునో లింకనునో యెన్నుకొని యుండిన నాకు శ్రమ తక్కువ, మీకు పరిచయ మెక్కువ. కాని వారిని విడిచి, మీలో పలువురు పేరైనను విని యుండని మార్టిన్ వాన్ బ్యూరెన్ అను నాతని నేను తీసికొంటిని. ఆయన అమెరికా సంయుక్త రాష్ట్రములకు ఎనిమిదవ అధ్యక్షుడు. 1837 మొదలు 1841 వరకు నాలుగేండ్లు ఆ పదవియందుండెను. గొప్ప అధ్యక్షుల పట్టిక వ్రాయువారు ఆయన పేరును మొదట వ్రాయరు, నేనును వ్రాయను. అయినను ఈ పాఠశాలలో ఆయన కథ చెప్పదగినదని నాకు తోచినది. ఏలయన, నేటివరకు ఆ దేశమునకు అధ్యక్షులైన వారందరిలో ఇంగ్లీషు మాతృభాష కానివాడు ఆయన యొక్కడే.

మన బిడ్డలకు ఇంట తెలుగు, వీధిలో తమిళము, పెద్ద పుస్తకములలో ఇంగ్లీషు. ప్రతి సంవత్సరము బడిలో పిల్లలను చేర్చుకొను దినములలో ఎవరో యొక తండ్రి ప్రధానోపాధ్యాయులను ఏకాంతముగా పిలిచి అడుగుచునే యుండును: “అయ్యా, ఈ తెలుగు చదువు వలన మావాని ముందు దారికి అడ్డము రాదు గదా?” అని. ఆ ప్రశ్నను తప్పు పట్టగూడదు. బిడ్డ కడుపు నిండుటను గూర్చి యోచింపని తండ్రి తండ్రి కాడు. ఆ ప్రశ్నకు నేను సిద్ధాంతముతో జవాబు చెప్పబోను. ఒక మనుష్యుని బ్రదుకును మీ ముందుంచెదను.

అమెరికా యనగనే ఇంగ్లీషువారి వలస యని మన తలంపు. కాని నేటి న్యూయార్కు రాష్ట్రము పదునేడవ శతాబ్దమున డచ్చివారి వలసగా నుండెను. ఈ డచ్చివారు మనకు క్రొత్తవారు కారు. మచిలీపట్నమునందును, భీమునిపట్నమునందును, పులికాటునందును కోఠీలు కట్టి, మన నేతగాండ్ర బట్టలను ఓడల కెత్తినవారే. మన పెద్దలు వారిని వలందావారనిరి. ఇచ్చట మన బట్టలు కొనుచున్న కాలముననే అచ్చట హడ్సన్ నది యొడ్డున వారు పల్లెలు కట్టుకొనిరి. 1631లో కార్నెలిస్ అను రైతు హాలండు దేశపు పల్లె నొకదానిని విడిచి, ఓడ యెక్కి ఆ నదీతీరమునకు కౌలుదారుగా వచ్చెను. బ్యూరెన్ అను నూరి ప్రాంతమునుండి వచ్చినవారు గనుక ఆ వంశమునకు వాన్ బ్యూరెన్ అను పేరు నిలిచెను. మనలో అనేకుల యింటిపేర్లు ఎన్నడో విడిచి వచ్చిన ఊళ్ళ పేర్లే కదా.

1664లో ఇంగ్లీషువారి యుద్ధనౌకలు రేవులోనికి వచ్చెను. డచ్చివారు పోరాడక నగరము నప్పగించిరి. న్యూ ఆమ్‌స్టర్‌డామ్ అను పేరు పోయి న్యూయార్కు అను పేరు వచ్చెను. అప్పగింత పత్రములో కొన్ని షరతులు వ్రాసికొనిరి. డచ్చివారు తమ దైవప్రార్థన తమ పద్ధతిని చేసికొనవచ్చును. ఆస్తి పంపకములు తమ ఆచారము చొప్పున జరుపుకొనవచ్చును. ఆస్తిని మరువలేదు, దేవుని మరువలేదు. భాషను గూర్చి మాత్ర మొక్క షరతు లేదు. మన రాజ్యాంగమునందు 1956లో 350-ఎ అను అధికరణము చేర్చబడినది. అల్పసంఖ్యాక భాషల బిడ్డలకు ప్రాథమిక విద్య మాతృభాషలో గరపుటకు ప్రతి రాష్ట్రమును తగిన వసతి కల్పింప యత్నింపవలెనని అందున్నది. ఆ కాగితమునకును, పనికిని నడుమ ఎంత దూరమున్నదో ఈ సభవారికి నేను చెప్పనక్కరలేదు. అయినను మనకు కాగితమైనను గలదు. వారి కదియును లేకుండెను.

ఐనను ఆ భాష వెంటనే చావలేదు. మార్టిన్ 1782 డిసెంబరు 5వ తేదీని జన్మించునప్పటికి ఇంగ్లీషు ఏలుబడి వచ్చి 118 సంవత్సరములు గడచి, ఆ ఏలుబడి కూడ ముగియుచుండెను. స్వాతంత్ర్య ప్రకటనమునకు పిమ్మట పుట్టి అధ్యక్షుడైన మొదటివా డాయనయే. ఆయనకు ముందటి యేడుగురును పుట్టుకచే బ్రిటిషు ప్రజలు. ఇన్ని మార్పులు జరిగినను ఆ యింట మాటలాడు భాష డచ్చియే. ఎట్లు నిలిచినది? చర్చి మొదటి యండ. న్యూయార్కు నగరపు డచ్చి చర్చిలో ఇంగ్లీషున ప్రసంగించు మతాచార్యుడు మొదటిసారి 1764లో మాత్రమే వచ్చెను. అనగా నగరము చేతులు మారిన నూరేండ్లకు. రెండవది పెండ్లి. తొలి పూర్వికుడు వచ్చినది మొదలు తన పెద్దకుమారుని వివాహము వరకు, ఆరు తరములలో తమ వంశమున డచ్చివారితో దప్ప అన్యులతో సంబంధమే జరుగలేదని వాన్ బ్యూరెన్ తన స్వీయచరిత్రలో వ్రాసికొనెను. ఈ మాట వినగానే మనలో కొందరు పెద్దలకు చిరునవ్వు వచ్చుట చూచుచున్నాను.

ఆయన పుట్టిన యూరి పేరు కిండర్‌హుక్. డచ్చి భాషలో ‘పిల్లల మూల’ యని యర్థము. న్యూయార్కు నగరమునుండి ఆల్బనీకి పోవు తపాలా బాటమీద నున్న చిన్న యూరు. తండ్రి ఏబ్రహాము రైతు. ఇంటిలోనే పూటకూళ్ళ యిల్లును, పానశాలయు నడపుచుండెను. తల్లి మరియా మొదటి భర్త పోగా ముగ్గురు బిడ్డలతో ఆ యింటికి వచ్చిన యిల్లాలు. ఇల్లు ఇరుకు, సంతానము మెండు, రాబడి తక్కువ. అయినను ఆ యింట ఆరుగురు బానిసలుండిరన్న సంగతి దాచరాదు. హడ్సన్ లోయలోని డచ్చి కమతములలో బానిసలను ఉంచుకొనుట ఆనాడు వాడుక. ఈ విషయము మరల వచ్చును.

బాటసారులలో వకీళ్ళును, శాసనసభ్యులును ఉండెడివారు. భోజనము చేయుచు వారు రాజకీయములు మాటలాడుకొనెడివారు. పిల్లవాడు పాత్రలందించుచు వినెడివాడు. ఇంటిలో అమ్మతో డచ్చి, బల్లయొద్ద అతిథులతో ఇంగ్లీషు. పల్లెబడి ఒకే గది; అందే ఆయన ఇంగ్లీషు చదువను వ్రాయను నేర్చుకొనెను. పదునాలుగేండ్లు నిండకముందే ఆ చదువు ముగిసెను. కళాశాల గడప తొక్కలేదు. 1796లో ఊరిలోని పీటర్ సిల్వెస్టర్ అను న్యాయవాది కార్యాలయమున చేరెను. నేల యూడ్చుట, దస్తావేజులకు నకళ్ళు వ్రాయుట, రాత్రివేళ న్యాయగ్రంథములు చదువుట—ఇది ఆరేండ్ల చాకిరి. చివరి కాలమును న్యూయార్కు నగరములో వాన్ నెస్ అను న్యాయవాది యొద్ద గడపి, 1803లో పట్టా పొంది, స్వగ్రామమునకు తిరిగివచ్చి సవతి యన్నతో కలసి వకాల్తు పని మొదలిడెను.

ఇచ్చట ఒక సంగతి చెప్పవలెను. తనకు క్రమమైన విద్య లభింపలేదన్న వెలితి ఆయనను జీవితాంతము బాధించెను. ముసలితనమున వ్రాసిన చరిత్రలో గూడ దానిని దలచుకొనెను. ఎదుటి పక్షమున కళాశాలలలో చదివిన ధనికుల బిడ్డలు నిలుచుచుండగా, ఆయన ముందుగా కాగితములన్నియు మరల మరల చదివి, లోపము కనబడకుండునట్లు సిద్ధమై కచేరీకి పోయెడివాడు. పెద్ద భూస్వాముల హక్కుపత్రములను ప్రశ్నించు చిన్న కౌలుదార్ల పక్షమున ఆయన వాదించిన వ్యాజ్యములు కొన్ని గలవు. ఆయనకు వెలితియైనది చదువు. ఇంటి భాష కాదు. ఈ రెంటిని మనము తరచుగా నొకటిగా కలిపివేయుదుము. డచ్చి మాటలాడుట వలన ఆయన కేమియు పోలేదు. బడి ముందుగా ముగియుట వలన పోయినది మాత్ర మధికము.

1807లో హన్నా హోస్ అను తమ యూరి పిల్లను పెండ్లాడెను. ఆమె బంధువుల పిల్లయే. డచ్చి యింటనే పెరిగినది. ఆయన ఆమెను యానెచె యని డచ్చి ముద్దుపేరుతో పిలిచెడివాడు. నలుగురు కుమారులు దక్కిరి. 1819 ఫిబ్రవరిలో క్షయవ్యాధిచే ఆమె కాలము చేసెను. ఆయనకప్పుడు ముప్పదియారేండ్లు. మరల వివాహమాడలేదు. చిత్ర మేమనగా, తన రాజకీయములను గూర్చి వందల పుటలు నింపిన ఆ స్వీయచరిత్రలో భార్య పేరైనను ఎత్తలేదు. కొందరు దానిని కఠినత్వమనిరి. మాటలకు అందని దుఃఖమని నా యూహ. కాని ఇది యూహ మాత్రమే.

అదే కాలమున అదే భాషతో పుట్టిన మరియొకరి సంగతి చెప్పక ముందునకు పోలేను. కిండర్‌హుక్ హడ్సన్ నదికి తూర్పుదరి. పడమటిదరి నున్న అల్‌స్టర్ జిల్లాలో 1797 ప్రాంతమున ఒక డచ్చి యజమాని యింట ఇసబెల్లా అను బానిసపిల్ల పుట్టెను. ఆమెకును డచ్చియే మాతృభాష; వేరు భాష రాదు. తొమ్మిదేండ్ల ప్రాయమున, 1806లో, ఆమెను వేలము వేసిరి. ఒక గొఱ్ఱెల మందతో కలిపి నూరు డాలర్లు ధర. కొన్నవాడు ఇంగ్లీషువాడు. ఆ యింట వారు ఒకటి తెమ్మన్న, ఆమె యర్థము గాక మరియొకటి తెచ్చెడిది. అందులకు వారు బెత్తముల కట్టతో ఒడలు చీరునట్లు కొట్టిరి. ఆమెయే పిమ్మట సోజర్నర్ ట్రూత్ అను పేరుతో దేశమంతట తిరిగి బానిసత్వమునకు విరోధముగా నుపన్యసించిన ప్రసిద్ధురాలు. ఒకే నది, ఒకే భాష. ఒడ్డున నున్న పూటకూళ్ళ యింటి పిల్లవానికి బడి యుండెను. ఆ పిల్లకు లేకుండెను.

ఇక రాజకీయములు. ఈ భాగమును త్వరగా గడిపెదను. పదవుల జాబితా వినుటకు మీరింత దూరము రాలేదు. 1812లో న్యూయార్కు రాష్ట్ర సెనేటునకు ఎన్నికయ్యెను. అప్పులు తీర్చలేని బీదలను చెఱసాలలో నుంచు చట్టమును తొలగింపవలెనని అచ్చట యత్నించెను. రాష్ట్రపు అటార్నీ జనరలు, 1821లో కేంద్ర సెనేటరు, 1829లో కొలది వారములు గవర్నరు, వెంటనే అధ్యక్షుడగు ఆండ్రూ జాక్సన్ కొలువున విదేశాంగమంత్రి. ఆయన పొట్టి, మాట మెత్తన, ఎవరితోను పైకి పగ పెంచుకొనడు. ‘చిన్న మాంత్రికుడు’ అనియు, ‘కిండర్‌హుక్ ఎఱ్ఱనక్క’ యనియు పేర్లు పెట్టిరి. నేటికి అమెరికాలో నిలిచియున్న డెమోక్రాటిక్ పార్టీని కూర్చి నిలిపినవారిలో ఆయన ముఖ్యుడు. రాజకీయ పక్షములు దేశమునకు చీడ యని పెద్దలందరు తలచుచుండిన కాలమున, క్రమశిక్షణ గల రెండు పక్షము లుండుటయే ప్రజాపాలనకు మేలని ఆయన వాదించెను. 1831లో లండనునకు రాయబారిగా పంపబడెను. మరుసటి జనవరిలో సెనేటు ఆ నియామకమును త్రోసిపుచ్చెను. ఓట్లు సరిసమానము కాగా, ఉపాధ్యక్షుడగు కాల్‌హూన్ తన నిర్ణాయకపు టోటును విరోధముగా వేసెను. తత్ఫలితముగా దేశమున సానుభూతి పెరిగి, ఆ సంవత్సరాంతమున వాన్ బ్యూరెన్ ఆ కాల్‌హూన్ కుర్చీలోనే ఉపాధ్యక్షుడుగా నెన్నికయ్యెను.

1837 మార్చి 4వ తేదీని అధ్యక్షుడయ్యెను. మే 10వ తేదీని న్యూయార్కు బ్యాంకులు తమ నోట్లకు వెండి బంగారు నాణెములు చెల్లింపలేమని ప్రకటించెను. పడమటి భూముల జూదము, ప్రత్తిధర పడిపోవుట, భూముల వెల నాణెములతోనే కట్టవలెనని 1836లో జాక్సన్ ప్రభుత్వము చేసిన యుత్తరువు—ఇవన్నియు కలసి వచ్చిన సంక్షోభ మది. చేసినవా డొకడు, అనుభవించినవాడు మరియొకడు. అయినను అధికారమున నున్నవానినే ప్రజలు తిట్టుదురు. ఆయన యింటిపేరును విఱిచి ‘వాన్ రూయిన్’, అనగా వినాశపు వాన్ బ్యూరెన్, అని యెగతాళి చేసిరి. ప్రభుత్వధనమును ప్రైవేటు బ్యాంకులలో నుంచక ప్రత్యేక ఖజానాలలో నుంచవలెనని ఆయన పట్టుబట్టి, మూడేండ్లు పెనగులాడి, 1840లో చట్టము చేయించెను. మరుసటి సంవత్సరమే దానిని రద్దుచేసిరి. 1846లో మరల దెచ్చిరి. ప్రభుత్వ నిర్మాణములలో పనిచేయు కూలీలకు దినమునకు పదిగంటలకు మించి పని యుండరాదని 1840లో ఆయన యిచ్చిన యుత్తరువును మాత్రము అందరును మెచ్చుకొనవలెను.

ఇంతవరకు చెప్పినది విని, మన బిడ్డ కిది మంచి యాదర్శమని మీరు తలంచుచుందురు. కొంచె మాగవలెను.

జార్జియా రాష్ట్రపు కొండలలో చెరోకీలను ఆదివాసులుండిరి. వారిలో సికోయా అను నతడు ఇంగ్లీషు చదువ నెఱుగడు. తెల్లవారు కాగితముమీద మాటను నిలుపుట చూచి, తన భాషకును అట్టిది కావలెనని పండ్రెండేండ్లు శ్రమించి, 1821 నాటికి ఎనుబదికి పైగా అక్షరములను కల్పించెను. ప్రతి యక్షరమును మన గుణింతమువలె నొక్కొక్క పలుకునకు గుర్తు. కొలది యేండ్లలో జాతి యంతయు చదువ నేర్చెను. 1828లో ఆ లిపితో ‘చెరోకీ ఫీనిక్స్’ అను పత్రిక వెలువడెను. తన భాషకు తానే అక్షరములు చేసికొని పత్రిక నడపిన జాతిని అనాగరికమని యెట్లనవలెనో నాకు తెలియదు. 1835లో కొలదిమంది చెరోకీలచేత సంతకము చేయించిన యొడంబడికను చూపి, జాతినంతటిని మిసిసిపీ నదికి ఆవలికి తోలివేయుటకు ప్రభుత్వము సిద్ధమయ్యెను. ఆ విధానము జాక్సనుది; అమలు జరిపినది వాన్ బ్యూరెన్. ఒడంబడిక తమది కాదని వేలకొలది చెరోకీలు సంతకములు చేసి మహజరు పంపుకొనిరి. ఎమర్సన్ అను ప్రసిద్ధ రచయిత 1838 ఏప్రిలులో అధ్యక్షునికే బహిరంగలేఖ వ్రాసి, ఈ పాపము చేయవలదని వేడెను. ఫలము లేదు. మే నెలలో సైన్యము ఇండ్లనుండి వారిని ఈడ్చి దొడ్లలో బంధించెను. సుమారు పదునారువేలమందిని తరలించిరి. దొడ్లలోను దారిలోను నాలుగువేలమంది వరకు చనిపోయిరని అంచనా. 1838 డిసెంబరులో వాన్ బ్యూరెన్ తన వార్షిక సందేశమున, తరలింపు పూర్తియైనదని సంతోషముతో కాంగ్రెసునకు తెలిపెను. ఆ మాటలు చదువబడు దినమున వేలకొలది చెరోకీలు మంచులో నడచుచునే యుండిరి.

రెండవ సంగతి 1839లోనిది. ఆఫ్రికానుండి దొంగతనముగా తెచ్చి క్యూబాలో నమ్మిన ఏబదిముగ్గురు ‘అమిస్టాడ్’ అను ఓడపై తిరుగబడి దానిని స్వాధీనపఱచుకొనిరి. ఓడ అమెరికా తీరమున పట్టువడెను. వారిని కనెక్టికట్ చెఱసాలలో నుంచిరి. వారు క్యూబాలో పుట్టిన బానిసలని స్పెయినువారి వాదము. ఆఫ్రికానుండి పట్టి తెచ్చిన స్వతంత్రులైనచో విడువవలెను. వారిని చెప్పనిత్తమన్న, వారి భాష యెవరికిని రాదు! యేల్ విశ్వవిద్యాలయమున గిబ్స్ అను భాషాచార్యు డుండెను. ఆయన చెఱసాలకు పోయి, వ్రేళ్ళు చూపుచు, వారి నోట ఒకటి మొదలు పది వరకు అంకెలు నేర్చుకొనెను. పిదప న్యూయార్కు రేవునకు పోయి, ఆఫ్రికా నావికులు కనబడినచోట నెల్ల ఆ పది మాటలను బిగ్గరగా పలుకుచు తిరిగెను. బ్రిటిషు ఓడలో పనిచేయు జేమ్స్ కోవీ అను యువకుడు వాని నర్థము చేసికొనెను. అది మెండె భాష. అంతట ఖైదీలకు నోరు వచ్చెను. వారు తమ కథ తాము చెప్పుకొనిరి.

అప్పుడు వాన్ బ్యూరెన్ ప్రభుత్వ మేమి చేసినది? ఎన్నిక దగ్గరపడుచున్నది; దక్షిణాదివారి ఓట్లు కావలెను. 1840 జనవరిలో తీర్పు రాకముందే, ఖైదీలను క్యూబాకు పంపివేయుటకై యుద్ధనౌక నొకదానిని రేవులో సిద్ధముగా నుంచెను. న్యాయాధిపతి తీర్పు వారి పక్షమున రాగా ఓడ ఖాళీగా మరలెను. ప్రభుత్వము అప్పీలు చేసెను. ముసలివాడైన మాజీ అధ్యక్షుడు జాన్ క్విన్సీ ఆడమ్స్ ఖైదీల పక్షమున సుప్రీముకోర్టులో వాదించెను. 1841 మార్చి 9వ తేదీని వారిని విడిచిపెట్టిరి. అప్పటికి వాన్ బ్యూరెన్ పదవి విడిచి అయిదు దినములైనది.

తల్లి యొడిలో ఒక భాష, బడిలో మరియొక భాష నేర్చిన వానికి, అట్టి యితరుల గోడు తక్కినవారికంటె ముందుగా వినబడునని మనమాశింతుము. ఆయనకు వినబడలేదు, లేక వినబడియు ఓట్ల లెక్కలో మునిగిపోయెను. ఇది చెప్పుటకు నాకు కష్టముగనే యున్నది. కాని మనవాడని, మనబోటివాడని యొక మనుష్యుని తప్పులు కప్పిపుచ్చినచో అది జీవితచరిత్ర కాదు, స్తోత్రపాఠము.

1840 ఎన్నిక యొక విచిత్రము. ప్రత్యర్థి హారిసన్ వర్జీనియాలో పెద్ద భవనమున పుట్టిన కలవారి బిడ్డ. ఆయనను మ్రానిదుంగల గుడిసెలోని బీదవానిగా ఊరేగించిరి. పానశాలలో పుట్టిన వాన్ బ్యూరెనును బంగారు చెంచాలతో భుజించు విలాసిగా చిత్రించిరి. ఆయన పక్షమువారు ఆయనను ‘ఓల్డ్ కిండర్‌హుక్’, అనగా కిండర్‌హుక్ పెద్దాయన, యని పిలిచి, దాని మొదటి రెండక్షరములతో ఓ.కే. సంఘములు పెట్టిరి. ఆ రెండక్షరములు అంతకు ముందటి సంవత్సరమే బోస్టను పత్రికలో ‘అంతయు సరి’ యను మాటకు పరిహాసపు పొట్టిరూపముగా పుట్టినవి. ఈ ఎన్నిక వానిని దేశమంతట చాటినది. మీ పిల్లలు దినమునకు నూరుమార్లు పలుకు ‘ఓకే’ యందు ఆ డచ్చి పల్లె కొంత దాగియున్నది. ఇంత చేసినను 234 ఓట్లకు 60 మాత్రమే వచ్చి ఆయన ఓడిపోయెను.

ఓడి స్వగ్రామమునకు మరలెను. అచ్చట 1839లోనే లిండెన్‌వాల్డ్ అను ఇంటిని, పొలమును కొనియుండెను. ఆ యింటికి నొక కథ గలదు. వాషింగ్టన్ ఇర్వింగ్ అను రచయిత 1809లో అందు అతిథిగా నుండెను. ఆ యేడే ఆయన వెలువరించిన న్యూయార్కు చరిత్ర డచ్చివారిని కడుపుబ్బ నవ్వించునట్లు పరిహసించిన పుస్తకము. ఆ ఇర్వింగే లండను రాయబార కార్యాలయమున వాన్ బ్యూరెనునకు సహాయకుడై, ప్రాణమిత్రుడయ్యెను. తమ జాతిని నవ్వులపాలు చేసినవానితో స్నేహము చేయుటకు పెద్దమనసు కావలెను. లేదా ఆ పరిహాసము నిజమే యని కొంత యొప్పుకొనుటయైనను కావలెను.

లిండెన్‌వాల్డ్‌లో బంగాళదుంపలు పండించుచు ఊరకుండలేదు. బానిసత్వమును విస్తరింపజేయు టెక్సాసు విలీనమును 1844లో ఆయన బహిరంగముగా వ్యతిరేకించి, దానివలన తన పార్టీ టిక్కెట్టు పోగొట్టుకొనెను. 1848లో క్రొత్త భూములలో బానిసత్వము ఉండరాదను ‘ఫ్రీ సాయిల్’ పక్షమున అధ్యక్ష పదవికి నిలిచి, నూటికి పదివంతుల ఓట్లు పొంది ఓడిపోయెను. తండ్రి యింట ఆరుగురు బానిసలు. తన యొద్దనుండి 1814లో పారిపోయిన టామ్ అను బానిసను పదేండ్ల పిమ్మట ఏబది డాలర్లకు అమ్ముటకు ఒప్పుకొన్న మనుష్యుడు. అమిస్టాడ్ ఖైదీలకు ఓడ సిద్ధపఱచిన అధ్యక్షుడు. చివర కీ గట్టున నిలిచెను. మార్పు నిజమైనదా, పాతపగల ఫలమా యని చరిత్రకారులు తర్కింతురు. రెండును కలవని నా తలంపు. అంతర్యుద్ధము నడుచుచుండగా, 1862 జులై 24వ తేదీని డెబ్బదితొమ్మిదవ యేట ఆ యింటనే కన్నుమూసెను. కిండర్‌హుక్ చర్చి శ్మశానమున హన్నా ప్రక్కనే ఆయనను ఖననము చేసిరి.

మరి ఆ భాష యేమైనది? ఆయన యింటి డచ్చికి బడి లేకుండెను. వంటయింటిలోను, చర్చిలోను మాత్రమే బ్రదికెను. చర్చి ఇంగ్లీషునకు మారిన పిమ్మట వంటయిల్లొక్కటే మిగిలెను. పెండ్లిళ్ళు బయటివారితో జరుగసాగెను. ఆయన పెద్దకుమారుడే 1838లో దక్షిణ కరొలినా కలవారి పిల్లను వివాహమాడెను. మీలో తమ యూరి పెద్దలు చెప్పుకొను తెలుగును, తమ పిల్లలు పలుకు తెలుగును పక్కపక్కన పెట్టి విన్నవారికి తక్కిన కథ నేను చెప్పనక్కరలేదు.

డచ్చి వంశమున పుట్టి అమెరికా అధ్యక్షుడైన మరియొకడు థియొడోర్ రూజ్వెల్ట్; 1901 మొదలు 1909 వరకు పదవియందుండెను. తన యింట ఆ భాష యేమి మిగిలినదో ఆయన స్వీయచరిత్రలో వ్రాసెను. ఆయనకు వచ్చిన డచ్చి యంతయు ఒక్క లాలిపాట. దానిని నేర్పినది నాయనమ్మ. ఆమె కూడ డచ్చి వంశమున పుట్టినది కాదు, మెట్టినింట నేర్చుకొన్నది. పదవి విడిచి తూర్పు ఆఫ్రికాకు వేటకు పోయినప్పుడు అచ్చటి బోయరు రైతుల యెదుట ఆయన ఆ పాట పాడి చూపెను. వారిలో కొందరు దాని నెఱుగుదురు. తమ తాతల పాటయే. కాని మొదట ఆయన యుచ్చారణ వారికి అర్థమగుట కష్టమయ్యెనట. అందుల కాశ్చర్యపడనని ఆయనయే వ్రాసికొనెను.